దుర్గములోని రెండవ రాజు

తిరుపతి నుండి పాకాల మార్గమున పోవువారికి చంద్రగిరి కొండ క్రింద కానవచ్చు రాజమహలు, కలప దూలము ఒక్కటైనను వాడక రాయి, ఇటుక, సున్నములతోనే నిలిచినదని చూపరులు మెచ్చుకొందురు. నాకు మాత్రము ఆ కోటను చూచినప్పుడెల్ల కట్టడముకంటె ముందు అచ్యుతదేవరాయలు జ్ఞాపకమునకు వచ్చును. సవతి అన్న కృష్ణదేవరాయలు రాజ్యమేలుచుండగా ఈ దుర్గమునందే నిర్బంధములో నుండి, 1529లో అన్న కన్నుమూసిన పిమ్మట సింహాసనమెక్కినవాడాయన. రాజు పోయినచో మరియొక రాజు సిద్ధముగనే యున్నాడు. కాని కోటలో మూసి పెట్టబడిన ఆ రెండవవానికి కొలువులో నిన్న ఏమి జరిగినదో, ఏ నాయకుని నమ్మవచ్చునో, ఎవనిని నమ్మరాదో ఎవరు చెప్పిరి? ఆ కాలమున అవన్నియు తెలిసికొనుటకు నెలలు పట్టినను రాజ్యము నడచెడిది. ఇట్టి రెండవ రాజునే సిద్ధముగ నుంచుకొను టెలిఫోన్ ఎక్స్ఛేంజికి మాత్రము అంత వ్యవధి లేదు; ఒక్క క్షణము చాలును, మాట తెగుటకు.

ఎక్స్ఛేంజి అనగానే మనకు గోడల నిండ తీగలు తోచును గాని, నిజమునకు అది ఇనుప బీరువా వంటి ర్యాకు. అందులో గ్రంథాలయపు అరలలో పుస్తకములవలె నిలువుగా దూర్చిన కార్డులు. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ మన పల్లెల ఎండకు, దుమ్మునకు ఓర్చుకొని, చల్లదనపు యంత్రము లేకయే పనిచేయునట్లు రూపొందించిన 128 లైన్ల ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకమందలి కిత్తూరులో మొదటిసారి పని ప్రారంభించినది. ఆ జాతి ఎక్స్ఛేంజీలలో లైను కార్డు ఒక్కొక్కటి ఎనిమిది ఇండ్ల ఫోనులను చూచుకొనును. అది చెడినచో ఎనిమిది ఇండ్లు మూగవోవును, లైన్‌మన్ మరునాడు వచ్చి క్రొత్తది దూర్చును, కొంపలు మునుగవు. కాని ఎవరు ఎవరిని పిలిచిరి, ఆ పిలుపును ఎటు పంపవలెను అని నిర్ణయించు కంట్రోలు కార్డు చెడినచో ఊరంతయు ఒక్కమారే మూగవోవును. కావుననే లైను కార్డునకు జంట ఉండదు. కంట్రోలునకు మాత్రము కాపీ సున్న, కాపీ ఒకటి అని రెండు రూపములుండును. ఏది పోయినచో ఎంతమందికి నష్టమో చూచి జంట కట్టుటయే ఈ విద్యకు మొదటి మెట్టు. అన్నింటికిని జంట కట్టువాడు డబ్బు గలవాడు కావచ్చును గాని తెలిసినవాడు కాడు.

లెక్క చూడుడు. నూటికి 99 పాళ్లు పనిచేయు కార్డు మంచిదే యనిపించును గాని, ఏడాదిలో మూడున్నర దినములకు పైగా అది చచ్చి పడియుండునన్నమాట. అట్టివి రెండుండి, ఒకదాని రోగము మరొకదానికి అంటకుండునేని, రెండును ఒకేసారి పడిపోవు కాలము ఏడాదికి 53 నిమిషములకు దిగును. ఆ 'అంటకుండునేని' అను షరతులోనే కష్టమంతయు ఉన్నది.

1965లో అమెరికాలోని సకాసన్నా అను చిన్న ఊర బెల్ సంస్థవారు ప్రారంభించిన మొదటి పెద్ద ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజికి పెట్టుకొన్న గురి, నలుబది ఏండ్లలో రెండు గంటలకు మించి ఆగరాదని. అందుకై రెండు ప్రాసెసర్లు ఒకే ఆజ్ఞను ఒకే వేళ నెరవేర్చుచు, ఫలితములను పోల్చి చూచుకొనుచుండునట్లు అమర్చిరి. సాధారణముగ నేటి ఏర్పాటు ఇంత కఠినము కాదు: ఒక కార్డు యాక్టివ్, రెండవది స్టాండ్‌బై. మొదటిది తానెరిగిన ప్రతి మార్పును, క్రొత్త చందాదారుని, నడచుచున్న పిలుపును ఎప్పటికప్పుడు రెండవదానికి చెప్పుచుండును. ఇట్లు చెప్పించుకొనని స్టాండ్‌బై, చెప్పితిని గదా, నిర్బంధములోని అచ్యుతుని వంటిది: పట్టాభిషేకమునకు సిద్ధమే, పరిపాలనకు సిద్ధము కాదు.

పిదప, యాక్టివ్ కార్డు తాను బ్రతికియున్నానని క్షణక్షణము సంకేతమిచ్చుచుండును. అది ఆగినచో రెండవది పీఠమెక్కును. ఇచట ఒక ప్రమాదము గలదు. మొదటి కార్డు చావక, సంకేతము పోవు తీగ మాత్రమే తెగినచో? రెండవది తానే యాక్టివ్ అనుకొనును. మొదటిది తాను దిగనే లేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలనునది ఇచట అక్షరాల నిజము: రెండును ఒకే లైనుపై ఆజ్ఞలిచ్చి, ఒక కార్డు చెడినప్పటికంటె ఎక్కువ అనర్థము తెచ్చును. అందుచేత అధికారము ఒక్కదానికే దక్కునట్లు ర్యాకు వెనుకనున్న పలకలోనే ప్రత్యేకముగ ఒక తాళము వంటి తీగను అమర్తురు.

అమర్చువాడు పాటింపవలసినవి చెప్పుటకు చిన్నవి. జంట కార్డు దానికి నిర్ణయించిన స్లాటులోనే కూర్చుండవలెను. ఖాళీగ నున్నదని మరొక చోట దూర్చినది వేడెక్కు బొమ్మయే యగును. ముంజేతికి ఎర్తు పట్టీ కట్టుకొనక కార్డును ముట్టరాదు. రెండింటిలోని సాఫ్ట్‌వేరు ఒకే వెర్షనుదై యుండవలెను. రెండింటికి విద్యుత్తు 48 వోల్టుల బ్యాటరీలనుండి వేర్వేరు ఫీడులలో, వేర్వేరు ఫ్యూజులగుండ రావలెను. ఒకే ఫ్యూజునకు కట్టిన జంట కవల పిల్లలను ఒకే ఊయలలో పండుకొనబెట్టినట్లుండును. త్రాడు తెగినచో ఇద్దరును క్రిందనే. స్వర్ణముఖి పొంగి తిరుపతి పరిసరములు జలమయమైన 2021 నవంబరును చూచినవారికి మరొకటి చెప్ప నక్కరలేదు: ఒకే గదిలోని రెండు కార్డులు ఒకే నీట మునుగును.

ఒకే వెర్షను ఉండవలెనని అంటిని గాని, దానిలోనే ఒక ముల్లు గలదు. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ వారి 114 దూరప్రాంతపు స్విచ్చులలో ఒకటి చిన్న జబ్బు చేసి, తానే కోలుకొని, కోలుకొంటినని పొరుగువానికి కబురు పెట్టెను. ఆ కబురును చదువుటలో ప్రోగ్రామునందొక తప్పు ఉండుటచే పొరుగుది కూలినది. దాని స్టాండ్‌బై లేచి, అదే తప్పు అదే చోట చదివి, తానును కూలినది. ఇట్లు ఒకదానినొకటి పడద్రోసికొని సుమారు తొమ్మిది గంటలు దేశము తబ్బిబ్బైనది. యంత్రములు రెండే గాని బుద్ధి ఒకటే. రెండవ యంత్రము యంత్రపు జబ్బునకు మందు, బుద్ధి జబ్బునకు కాదు.

జంట కట్టుటయే మార్గము కాదు. చంద్రగిరి దాటి చిత్తూరు వైపు పోవు త్రోవలోనే గాదంకిలో వాతావరణ పరిశోధనశాలవారి రాడారు, 32 వరుసలలో 1024 ఆంటెన్నాలను నిలిపినది. పూర్వము 32 ట్రాన్స్‌మిటర్లు వానిని నడపెడివి, తరువాత ప్రతి ఆంటెన్నాకు తనదైన చిన్న యూనిట్ నిచ్చిరి. అందు కొన్ని మూగవోయినను మిగిలినవి చూచుచునే యుండును, దృష్టి కొంచెము మందగించునంతే. ఎక్స్ఛేంజి కంట్రోలునకు ఇట్టి సౌఖ్యము లేదు; అది సగము పనిచేసినను లాభము లేదు.

ఇన్ని చేసియు స్టాండ్‌బై లోలోపల చచ్చియుండవచ్చును; ఎవరును దానిని పిలువరు గనుక ఎవరికిని తెలియదు. కాబట్టి నేర్పరియైన ఇంజనీరు నెలకొకమారు, ఫోనులు తక్కువగ మ్రోగు రాత్రి రెండు గంటల వేళ, పనిచేయుచున్న కార్డును తానే దింపును. ఒక దీపము ఆరును, ప్రక్కదానిపై మరొకటి వెలుగును. కువైట్ నుండి తల్లితో మాటలాడుచున్నవాని మాట తెగదు. పని అయినదని మరల మొదటిదానికి మార్చుట అతనికి అలవాటు లేదు. వచ్చు నెల వంతు వచ్చువరకు రెండవదే ఏలును.