గాలి లెక్కకు నిలిచే ఇల్లు

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లోని పాత తెలుగు ఇళ్లు ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. శ్రీకాకుళం, విశాఖ తీరంలోని చుట్టిళ్లు గాలిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. గుమ్మటం ఇల్లో, మట్టి ఇల్లో కట్టుకోవాలని ఇప్పుడు ఉబలాటపడేవారికి ఈ రెండు గుణాలూ ఒకే కప్పు కింద కావాలి. కరెంటు బిల్లు తగ్గాలి, పెనుగాలికి ఇల్లు చెక్కుచెదరకూడదు. ఆ ఆశ ఎంతవరకు తీరుతుందో చెప్పడానికి అందమైన ఫొటోల కన్నా ఒక పొడి సర్కారీ పుస్తకం ఎక్కువ పనికొస్తుంది.

ఆ పుస్తకం భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఐఎస్ 875, మూడో భాగం. కట్టడాల మీద పడే గాలి భారాన్ని లెక్కగట్టే నిబంధనావళి ఇది. 1987 నాటి కూర్పును 2015లో సవరించారు. అందులోని పటం దేశాన్ని సెకనుకు 33 మీటర్ల నుంచి 55 మీటర్ల దాకా ఆరు గాలి మండలాలుగా విడదీస్తుంది. కోయంబత్తూరు, మదురై రెండూ 39 మీటర్ల మండలంలోవి, అంటే గంటకు 140 కిలోమీటర్లు. విశాఖపట్నం, విజయవాడలకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు.

తేడా పెద్దదిగా కనిపించదు. అయితే ఒత్తిడి పెరిగేది వేగం వర్గాన్ని బట్టి. వేగాన్ని దానితోనే హెచ్చవేసి 0.6తో గుణిస్తే, చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 39కి దాదాపు 910, 50కి 1,500. మదురైలో గోడ ప్రతి చదరపు మీటరు మీదా 93 కిలోల బరువు ఆనినట్టయితే, విశాఖలో 153 కిలోలు ఆనినట్టు. ఇంటి ఎత్తు, చుట్టూ ఉన్న చెట్లు, కట్టడాలను బట్టి ఈ అంకెలకు మళ్లీ సవరింపులుంటాయి.

కప్పు వాలు పట్టిక ఇంతకన్నా ఆసక్తికరం. పెనుగాలిలో కప్పుకు కూలిపోయే భయం కన్నా లేచిపోయే భయమే ఎక్కువ. ఎత్తు తన వెడల్పులో సగానికి మించని రెండు వాలుల ఇల్లు తీసుకుంటే, గాలి ఎదురుగా తగిలే వాలుకు నిబంధనావళి ఇచ్చే గుణకం 10 డిగ్రీల దగ్గర మైనస్ 1.2. అంటే పైకి లాగే బలం అక్కడే అత్యధికం. 20 డిగ్రీలకు అది మైనస్ 0.4కు తగ్గుతుంది, 30కి సున్నా అవుతుంది. 45కి ప్లస్ 0.3, అంటే గాలే కప్పును కిందికి అదుముతుంది. ఖర్చు కలిసొస్తుందని కొద్దిపాటి వాలుతో రేకులు పరిచినవారు, తెలియకుండానే పట్టికలోని అతి చెడ్డ గడిని ఎంచుకున్నట్టు. తలుపో కిటికీయో ఊడితే లోపలికి చొరబడిన గాలి కూడా కప్పును పైకి తోస్తుంది.

ఆ పట్టిక చుట్టిల్లు కోసం రాసినది కాదు. అయినా దాన్ని చదివాక చుట్టిల్లును చూస్తే కట్టినవారి నేర్పు తెలుస్తుంది. గుండ్రటి మట్టి గోడకు గాలి ఢీకొనే మూలలుండవు. నిటారుగా లేచిన తాటాకు కప్పు చూరు దాదాపు నేల దాకా దిగుతుంది కాబట్టి గాలికి కిందనుంచి పట్టు దొరకదు. ద్వారం చిన్నది, గోడ పొట్టిది. అయితే దీన్ని ఆకాశానికెత్తేముందు నిప్పును, చెదలను, రెండు మూడేళ్లకోసారి కొత్త ఆకు కప్పించే ఖర్చును కూడా లెక్కలో వేయాలి. పక్కా ఇంటికి మారిన మత్స్యకారులను తప్పుపట్టే హక్కు నగరవాసికి లేదు.

కోయంబత్తూరు, మదురైలకు తెలుగు ఇళ్లు ఎలా వచ్చాయో, ఆ చరిత్ర క్లుప్తంగా. విజయనగర కాలంలో, ఆ తర్వాత మదురై నాయకుల పాలనలో తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివెళ్లాయి. నల్లరేగడి నేలల్లో సేద్యం చేశాయి, ఊళ్లు కట్టాయి. తిరుమల నాయకుడు 1636లో మదురైలో కట్టించిన మహలులో ఇప్పటికీ నిలిచి ఉన్న భాగం ఇటుక, సున్నాలతో ఎంత పెద్ద కట్టడం సాధ్యమో చూపిస్తుంది.

సామాన్యుల ఇళ్లలో పనికొచ్చే పాఠం నడుమ వాకిలి వదిలి చుట్టూ గదులు కట్టే తొట్టికట్టులో ఉంది. ఆంధ్రలో మండువా లోగిలి అనేది ఈ కోవదే. నడిమి వాకిలి నుంచి వేడి గాలి పైకి పోతుంటే గదుల్లోంచి చల్లగాలి లాగబడుతుంది. చుట్టూ వసారా నీడ గోడకు ఎండ తగలనివ్వదు. మందపు ఇటుక గోడ పగటి వేడిని పట్టి ఉంచి రాత్రికి గానీ లోపలికి వదలదు. కోయంబత్తూరుకు మరో వరం పాలక్కాడ్ కనుమ. నీలగిరి, ఆనమలై కొండల మధ్య సుమారు 30 కిలోమీటర్ల ఆ సందులోంచి జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి వీస్తుంది. అటువైపు కిటికీలుంటే ఫ్యాను అవసరం తగ్గుతుంది. దోమలు, కాపలా సమస్యలకు మాత్రం వాకిలిపై ఇనుప జాలీ తప్పదు.

తొట్టికట్టు ఇంటి బలహీనత నాటు పెంకు. తేలికైనది, మేకు లేకుండా వాలు మీద ఊరికే ఆనుకుని ఉంటుంది. 2018 నవంబరులో గజ తుపాను నాగపట్నం వైపు తీరం దాటి లోపలికి వచ్చినట్టే మరొకటి వస్తే ముందు పోయేది అంచుల్లోని వరసలే. అంచులనూ కొప్పునూ సున్నపు పట్టీతో బిగించి, దూలాన్ని గోడకు ఇనుప పట్టీతో కట్టడం పెద్ద ఖర్చేమీ కాదు. గుమ్మటం ఇంటికి గాలి లెక్కలో మంచి మార్కులే వస్తాయి. కానీ వంపు గోడకు బీరువా ఆనదు, నీరు కారకుండా పూత పూయడం కష్టం, తర్వాత మరో గది కలపడం ఇంకా కష్టం. 39 మీటర్ల మండలంలో అంత శ్రమ దండగ. బాగా బిగించిన తొట్టికట్టు చాలు.

బాక్స్: కాల్చని ఇటుక
పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ మట్టిలో సుమారు 5 శాతం సిమెంటు కలిపి, యంత్రంతో అదిమి ఇటుకలు చేయిస్తుంది. బట్టీ లేదు కాబట్టి కట్టెల ఖర్చు లేదు. ఈ పద్ధతిలో కట్టిన ఆరోవిల్ సందర్శకుల కేంద్రానికి 1992లో హసన్ ఫతీ పేరిట ఉన్న అంతర్జాతీయ పురస్కారం దక్కింది. నల్లరేగడి మాత్రం ఈ ఇటుకకు నేరుగా పనికిరాదు. తడిస్తే ఉబ్బి, ఎండితే పగులుతుంది. ఇసుకో సున్నమో కలపాలి.

బాక్స్: పొద్దున పునాది, సాయంత్రం ఇల్లు
కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు ఎలక్ట్రిక్ మోటారుతోపాటు ఇంటి నిర్మాణం మీదా చేయి పెట్టారు. పొద్దున పునాది వేసి సాయంత్రానికి ఇల్లు పూర్తి చేయించిన ఘనత ఆయనకుంది. ఆయన యంత్రాలున్న మ్యూజియం అవినాశి రోడ్డులో ఉంది.