ఊపిరితిత్తులలో నెత్తురుగడ్డ

సూరత్ మరమగ్గములపై బ్రదుకు తెలుగువారు అనేకులు. ఉన్ పేటనైనను, ఓరుగల్లునైనను, కాలు విరిగి మంచమున నున్నవాని పిక్క వాచినచో ఇంటివారు నూనె మర్దనకు పూనుకొందురు. అది తగదు. సిరలో పేరిన గడ్డ కదలి, గుండె మీదుగా ఊపిరితిత్తుల ధమనికి అడ్డుపడవచ్చును. అప్పుడు హఠాత్తుగా ఆయాసము, ఊపిరి పీల్చునపుడు ఱొమ్మున పోటు, ఒక్కొక్కప్పుడు నెత్తుటి కళ్లె, మూర్ఛ కలుగును. వాయువని సోడా త్రాగించుచు కాలయాపన చేయక, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను. అనుమానము బలముగా నున్నచో వైద్యులు స్కానుకు పూర్వమే హెపారిన్ ఆరంభింతురు. 1960లో బారిట్, జోర్డాన్ అను వైద్యులు ప్రకటించిన పరీక్షలో, గడ్డకట్టుటను నిరోధించు మందులు పొందని 19 మందిలో 5గురు ఈ వ్యాధిచేతనే మరణించిరి. పొందిన 16 మందిలో ఒక్కరును లేరు. ఇల్లు చేరిన పిదపను కనీసము 3 నెలలు మాత్రలు వాడవలెను. వాపు తీసెనని నడుమ మానరాదు.