పాత పాటకు కొత్త దరువు... మీకు నచ్చిందా?

పాత పాటను రీమిక్స్ చేశారంటే చాలు, ఇంట్లో రెండు పార్టీలు తయారు! మా గూడూరులోనూ ఇదే గొడవ. 1992 నాటి 'ఘరానా మొగుడు'లోని 'బంగారు కోడిపెట్ట' పాటే చూడండి. 2009లో 'మగధీర' కోసం దానికి కొత్త హంగులు దిద్దారు. "దరువు అదిరింది!" అంటారు పిల్లలు. "ఆ మోతలో మాట వినబడితేగా?" అంటారు పెద్దలు. తమాషా ఏమిటంటే, రెండింటికీ సంగీతం కీరవాణిగారే! కన్నతండ్రే బిడ్డకు కొత్త చొక్కా తొడిగితే కాదనడానికి మనమెవరం?

అయితే పెద్దల బాధలోనూ న్యాయముంది. పాత పాటలోని గొంతు బాలుగారిది. కుర్రతనంలో ఆయన మా గూడూరు పాటల పోటీలో పాడితే, జానకమ్మగారు విని మెచ్చుకున్నారు. ఇంటి మనిషి లాంటి ఆ గొంతు కొత్త పాటలో లేకపోతే వెలితే కదా! 'దేవత' (1982)లోని 'ఎల్లువొచ్చి గోదారమ్మ'ను 2019లో 'గద్దలకొండ గణేష్'లో మళ్ళీ పెట్టినప్పుడు బాలు, సుశీలగార్ల గొంతులే ఉంచారు. ఇద్దరికీ నచ్చే దారి అదేననిపిస్తుంది.

నా మటుకు కొలత ఒకటే: పోపు వేస్తూ మనం పాడుకోగలగాలి. ఈసారి పండక్కి అందరూ చేరినప్పుడు పాతదీ కొత్తదీ వెంటవెంటనే పెట్టి వినండి. పాతది పాడిందెవరో పిల్లలకు చెప్పండి. తర్వాత మీ ఇంట్లో ఎవరు గెలుస్తారో చూద్దాం!