నల్లిబొక్క మీద లొల్లి... నవ్వించి ఏడిపించిన ‘బలగం’

చావింట్లో నవ్వు పుట్టించి, ఆ నవ్వుతోనే తెగిన బంధాలను కలిపిన సినిమా. ఓ వీరాభిమాని మాటల్లో...

విందులో కూర్చున్న అల్లుడికి నల్లిబొక్క పడలేదు. గొడవంతా అంతే. మాట మీద మాట పెరిగింది. అల్లుడు పెళ్లాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. అక్కడి నుంచి 20 ఏళ్లపాటు రెండిళ్ల మధ్య రాకపోకల్లేవు, మాటల్లేవు.

‘బలగం’లో ఈ సంగతి బయటపడగానే హాలంతా ఘొల్లుమంటుంది. కూరలో ముక్క కోసం చుట్టరికం తెంచుకుంటారా అని నవ్వుతాం. సినిమా చివరికొచ్చేసరికి అదే హాలు అదే సంగతికి కళ్లు తుడుచుకుంటుంది. కథలో కొత్త విలన్ రాడు, దాచిపెట్టిన రహస్యమేదీ బయటపడదు. మొదట మనం బావ పౌరుషాన్ని, బావమరిది మొండితనాన్ని చూసి నవ్వాం. చివర ఆ ఇద్దరి మధ్య ఇన్నేళ్లు నలిగిపోయిన ముసలి తండ్రిని చూస్తాం. నవ్వించిన ముక్కే ఏడిపిస్తుంది. 2023 మార్చి 3న విడుదలైన ఈ సినిమాను నేను నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఇదే.

మన సినిమాల్లో చాలాకాలంగా కామెడీ దారి కామెడీదే, సెంటిమెంటు దారి సెంటిమెంటుదే. హాస్యనటుల ట్రాక్ విడిగా రాసుకుని కథలో అక్కడక్కడా అతికించేవారు. తీసేసినా కథకు వచ్చే నష్టం ఉండేది కాదు. జంధ్యాల లాంటి వారు ఆ పద్ధతిని పక్కనపెట్టారు. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో తండ్రి పిసినారితనం నుంచే కథా, నవ్వూ రెండూ పుట్టాయి. దర్శకుడు వేణు యెల్దండి ఆ నవ్వును చావింట్లోకి తీసుకెళ్లాడు. అది తెగింపు. ఒక్క సన్నివేశం అటూఇటూ అయినా శవం దగ్గర వెకిలితనంగా మిగిలేది.

తాత పోయాడు... మరి నిశ్చితార్థం?

కొమురయ్య ఊళ్లో అందరికీ కావలసిన ముసలాయన. పొద్దున్నే లేచి దారిన పోయేవాళ్లందరినీ పలకరిస్తూ, పరాచికాలాడుతూ తిరుగుతాడు. కేతిరి సుధాకర్‌రెడ్డి ఆ పాత్రలో కనిపించేది కాసేపే. ఆ కాసేపట్లోనే ఆయన మన ఇంటి తాత అయిపోతాడు. అంతలో చనిపోతాడు. అక్కడి నుంచి సినిమా అంతా ఆయన లేని లోటు మీదే నడుస్తుంది.

మనవడు సాయిలుకు నిశ్చితార్థం కుదిరి ఉంది. వ్యాపారాలు పెట్టి నష్టపోయి, మెడదాకా అప్పుల్లో మునిగిన కుర్రాడు. కట్నం వస్తే అప్పు తీర్చేద్దామన్నది అతని లెక్క. తాత చావు అతనికి మొదట ఏడుపు తెప్పించదు, కంగారు పుట్టిస్తుంది. పైగా చావింట్లో జరిగిన రభసలో ఆ సంబంధమే తప్పిపోతుంది. అప్పుడు కనిపిస్తుంది మేనత్త కూతురు సంధ్య. ఆస్తిపరుడైన నారాయణ బిడ్డ, తనకు వరసైన పిల్ల. సాయిలు కొత్త లెక్క మొదలుపెడతాడు.

ఇలాంటి హీరోను ప్రేమించడం కష్టం. ప్రియదర్శి ఆ కష్టం మనకు తెలియనివ్వడు. ‘పెళ్ళి చూపులు’ (2016)లో స్నేహితుడిగా నవ్వించిన నటుడే ‘మల్లేశం’ (2019)లో ఆసుయంత్రం కనిపెట్టిన చేనేత బిడ్డగా కదిలించాడు. సాయిలులో ఆ ఇద్దరూ ఉన్నారు. అతని స్వార్థం చూసి నవ్వుతూ ఉండగానే, అప్పులోళ్ల భయం మన గుండెల్లోకీ దిగుతుంది. కొడుకులు వాటాల గురించి ఆలోచిస్తుంటారు. అల్లుడు మర్యాద కోసం కాచుకుని ఉంటాడు. అందరూ తప్పు చేస్తున్నారు, ఒక్కడూ దుర్మార్గుడు కాదు. హాస్యానికి ఇంతకంటే మంచి నేల దొరకదు.

పిట్ట ముట్టలేదు

మూడో రోజు పిట్టకు పెడతారు. తాతకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరి నిండా వడ్డించి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి రాదు. ఇంటిల్లిపాదీ పెద్దమనుషులతో సహా చేతులు కట్టుకుని ఓ పిట్ట దయ కోసం నిలబడటం చూస్తే నవ్వాగదు. కారణాలు వెతుకుతారు, ఒకరినొకరు దెప్పుకుంటారు. ఐదో రోజూ అంతే. ఊళ్లో గుసగుసలు మొదలవుతాయి, పంచాయితీ కూర్చుంటుంది. ముసలాయన మనసులో తీరని కోరిక ఏదో ఉండిపోయిందని ఊరు అనుమానిస్తుంది. నవ్వు పలచబడుతుంది. పదకొండో రోజు దగ్గర పడేసరికి ఆ ఎదురుచూపు మనకూ బరువుగా మారుతుంది.

కాకి ముట్టడం, ముట్టకపోవడం మూఢనమ్మకమే కదా అని వాదించేవాళ్లున్నారు. నా జవాబు ఒకటే. కాకిని మనం నమ్మాలని ఈ సినిమా అడగదు. ఆ ఇంటివాళ్లు నమ్ముతున్నారు, అది చాలు. మనుషులు చెబితే వినని ఆ బావకు, బావమరిదికి ఒక తీర్పరి కావాలి. డబ్బుకు లొంగనిది, చుట్టరికం చూడనిది, బతిమాలినా కరగనిది కావాలి. అలాంటి తీర్పరిని కథకుడు ఊరి ఆచారంలోంచే తీసుకున్నాడు.

సిరిసిల్ల మాట, సిరిసిల్ల మనుషులు

వేణు సిరిసిల్ల ప్రాంతం మనిషి. ‘మున్నా’ (2007)లో చేసిన పాత్రతో టిల్లు వేణుగా, తర్వాత ‘జబర్దస్త్’ నటుడిగా మనకు తెలుసు. స్కిట్లు వేసిన మనిషి తొలిసారి మెగాఫోన్ పట్టి ఇంత నిబ్బరమైన సినిమా తీస్తాడని ఎవరనుకున్నారు? నవ్వు ఎక్కడ పుడుతుందో తెలిసిన మనిషి కనుకే ఎక్కడ ఆపాలో కూడా తెలిసింది. దిల్ రాజు ప్రొడక్షన్స్ పతాకంపై హర్షిత్ రెడ్డి, హన్షిత నిర్మించారు.

నటులను చూడండి. కొడుకు ఐలయ్యగా కోట జయరామ్, అల్లుడు నారాయణగా మురళీధర్ గౌడ్, ఆడబిడ్డ లక్ష్మిగా రూపలక్ష్మి. వీళ్లను చూస్తుంటే నటిస్తున్నారన్న ధ్యాసే రాదు. మురళీధర్ గౌడ్ మూతి బిగించి మంచం మీద కూర్చుంటే చాలు, ప్రతి ఇంట్లో అలిగిన అల్లుడు గుర్తొస్తాడు. రూపలక్ష్మిది మరీ కష్టమైన పని. భర్త పౌరుషానికీ అన్న పంతానికీ మధ్య నిలబడి, ఏ పక్షం మాట్లాడినా తప్పయ్యే ఆడమనిషి దుఃఖాన్ని ఆమె ఎక్కువగా చూపులతోనే చెప్పింది.

తెలంగాణ యాసను మన తెర చాలాకాలం రౌడీలకు, పనివాళ్లకు, నవ్వు పుట్టించడానికి వాడుకుంది. ఇక్కడ తండ్రీ, కూతురూ, ప్రేమించే పిల్లా, తీర్పు చెప్పే పెద్దమనిషీ అందరూ ఆ మాటే మాట్లాడతారు. నవ్వు యాస వల్ల రాదు, ఆ మనిషి ఆ క్షణంలో అన్న మాట వల్ల వస్తుంది. ఈ తేడా కోసం ఎన్నేళ్లు ఎదురుచూశామో తెలంగాణ ప్రేక్షకుడిని అడగండి.

చివరి పాట దగ్గర

భీమ్స్ సిసిరోలియో సంగీతం సినిమాకు ప్రాణం. ఊరి తెల్లవారుజామును కళ్లకు కట్టిన ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్ 71వ జాతీయ సినిమా పురస్కారాల్లో ఉత్తమ గీత రచయితగా నిలిచారు. కానీ సినిమా మొత్తాన్ని మోసేది పతాక ఘట్టమే. కొమురమ్మ, మొగిలయ్య దంపతులు నిజ జీవితంలోనూ కథలు చెప్పుకుని బతికిన జానపద కళాకారులు. పోయిన మనిషి బతుకును వాళ్లు పాటగా చెబుతుంటే, అప్పటిదాకా మొహాలు తిప్పుకున్నవాళ్లు ఒక్కొక్కరే కరిగిపోతారు. చావింట కళాకారులు వచ్చి పోయినవారి మంచిని పాడటం తెలంగాణ పల్లెల్లో ఉన్నదే. కొడుకులకు గుర్తులేని తండ్రిని ఆ పాట మళ్లీ పరిచయం చేస్తుంది. 2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూశారు. ఆయన గొంతు మాత్రం ఈ సినిమా ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

ఊరే హాలైన వేళ

విడుదలైన మూడు వారాలకే, మార్చి 24న, సినిమా ఓటీటీకి వచ్చింది. మామూలుగా అయితే అక్కడితో కథ ముగిసేది. ‘బలగం’కు అక్కడే రెండో జీవితం మొదలైంది. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి, పిల్లాజెల్లా, ముసలీముతకా అందరూ కూర్చుని రాత్రిపూట చూశారు. తిరనాళ్లకు, వీధి భాగవతాలకు కూడినట్టు సినిమాకు కూడారు. చూశాక ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలిసిపోయారని పత్రికల్లో వార్తలొచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డుల్లో 2023కు ఉత్తమ చిత్రంగా దీన్నే ఎంపిక చేసింది. ఊరు ముందే ఇచ్చిన తీర్పుకు అది ముద్ర.

ఇంత మెచ్చుకున్నా, ఒక కొరత చెప్పాలి. సంధ్య పాత్ర. కావ్యా కళ్యాణ్‌రామ్ ముచ్చటగా చేసింది. అయితే తన మీద కాదు, తన ఆస్తి మీద కన్నేసి దగ్గరైన బావ గురించి ఆ పిల్ల ఏమనుకుందో కథ తొందరగా దాటేసింది. తల్లి లక్ష్మి బాధకు ఇచ్చినంత చోటు ఆ పిల్లకూ ఇచ్చి ఉంటే ప్రేమకథ కూడా మిగతా కథంత బలంగా ఉండేది.

అయినా నా ఓటు ‘బలగం’కే. పెద్ద హీరో, విదేశాల్లో పాటలు, భారీ సెట్లు లేకుండా ఒక ఇల్లు, పదకొండు రోజులు, ఒక పిట్టతో తెలుగు సినిమా ఎంత దూరం వెళ్లగలదో ఇది చూపించింది. శ్రీకాకుళం చావింట్లో ఏం జరుగుతుంది, పాలమూరు పెళ్లింట్లో ఎవరు అలుగుతారు, రాయలసీమ పంపకాల్లో ఏ గిన్నె కోసం తగువు వస్తుంది? అక్కడి మాటలో, అక్కడి మనుషులతో ఆ కథలూ రావాలి. నిర్మాతలు ధైర్యం చేయాలి, మనం టికెట్టు కొనాలి.

ఇంకా చూడనివాళ్లుంటే ఒక్కటే మనవి. ఫోన్‌లో ఒంటరిగా చూడకండి. ఇంట్లో అందరితో కలిసి చూడండి. వీలైతే, మీరు మాట్లాడటం మానేసిన ఆ ఒక్క చుట్టాన్ని కూడా పిలవండి.