రేకు నీడ, ఆకు నీడ

ఎండాకాలం మధ్యాహ్నం చెట్టు కింద చల్లగా ఎందుకుంటుందర్రా అంటే, నీడ కాబట్టి అని పిల్లలంతా ఒక్క గొంతుతో అంటారు. మరి రేకుల షెడ్డు కింద ఉన్నదీ నీడేగా! అక్కడ కాసేపు కూర్చుంటే చొక్కా తడిసి ముద్దవుతుందేం?

రేకు ఎండని ఆపుతుంది, నిజమే. కానీ ఆ వేడంతా తనే మింగి, కాలిపోయి, కింద కూర్చున్న మన నెత్తిన మళ్లీ కుమ్మరిస్తుంది. ఆకు అలా కాదు నాయనా. దానికి, ముఖ్యంగా అడుగువైపున, కంటికి కనపడని సన్నసన్నని రంధ్రాలుంటాయి. వేళ్లు తోడిన నీళ్లు వాటిగుండా పగలంతా ఆవిరవుతూనే ఉంటాయి. నీళ్లు ఊరికే ఆవిరవుతాయా? గ్రాము నీటికి ఐదు వందల కేలరీల పైచిలుకు వేడి కావాలి. ఆ వేడిని ఆకులోంచీ చుట్టూ ఉన్న గాలిలోంచీ లాక్కుని మరీ పోతాయి. ఇసకలో కూర్చోబెట్టిన మట్టికుండ చేసే పనీ ఇదే. కుండ చెమరుస్తున్నంతసేపే నీళ్లు చల్లన. మా మేనత్త ఒకసారి ముచ్చటపడి కుండకి చుట్టూ నీలం పెయింటు వేయించింది. చూడ్డానికి ఎంత బావుందో! కానీ మట్టిలోని సందులన్నీ పూడుకుపోయాయి, ఆ వేసవంతా ఆ ఇంట్లో గోరువెచ్చటి నీళ్లే.

ఈ చల్లదనం ఎంతో కొలిచి చూసినవాళ్లున్నారు. బెంగళూరులో హరిణి నాగేంద్ర గారని పర్యావరణ శాస్త్రవేత్త. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఊళ్లో చెట్ల మీదా చెరువుల మీదా ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. తీరిక ఎలా దొరుకుతుందో గానీ, పాత బెంగళూరు నేపథ్యంగా డిటెక్టివ్ నవలలు కూడా రాస్తారావిడ! ఆవిడా, ఇద్దరు సహచరులూ కలిసి రోడ్లని పట్టుకున్నారు: చెట్లున్న ముక్క ఒకటి, బోసిగా ఉన్న ముక్క ఇంకొకటి. రెండింటినీ పోల్చి 2013లో లెక్క ప్రచురించారు. మధ్యాహ్నం వేళ చెట్లున్నచోట గాలి 5.6 డిగ్రీల దాకా చల్లగా ఉంది. తారురోడ్డు ఒంటిమీద తేడా చూడండి, 27.5 డిగ్రీల దాకా! ఎండలో రోడ్డు 55 డిగ్రీలు కాగిందనుకుంటే, నీడలో 30 లోపన్నమాట. అన్నిచోట్లా ఇంత తేడా రాదు సుమా, ఇది అన్నిటికన్నా ఎక్కువ వచ్చినచోటి మాట. అయినా చెప్పుల్లేని కాళ్లని అడగండి, 27 డిగ్రీలంటే ఏమిటో చెబుతాయి.

దుమ్ము సంగతీ చూశారు వాళ్లు. చెట్లులేని రోడ్లలో సగం చోట్ల గాలిలో దుమ్ము, ఉండదగిన హద్దుకి రెండింతల దగ్గరికి చేరింది. చెట్లున్న ముక్కల్లో నూటికి ఎనభై చోట్ల హద్దులోపలే ఉంది. బస్సులు తిరిగే రోడ్డు పక్క కానుగాకు ఒకటి తెంపి వేలితో రాయండి, నల్లటి చార పడుతుంది. అది మన ఊపిరితిత్తుల్లోకి పోవలసిన మసి.

బెంగళూరుకి అన్ని చెట్లు వాటంతటవి రాలేదు. 1908లో క్రుంబీగల్ అనే జర్మను తోటశాస్త్రజ్ఞుడు లాల్‌బాగ్‌కి వచ్చాడు. ఏడాదిలో ఏ కాలమైనా ఊళ్లో ఏదో ఒక వీధి పూసి ఉండాలని లెక్కవేసి నాటించిన రసికుడు! ఒక పూత రాలేసరికి ఇంకో పూత. అది తలుచుకుంటే నాకిప్పటికీ సంబరమే.

అయితే హరిణి గారి బృందం 2010లో ఇంకో మాట చెప్పింది, అది మనసుని గుచ్చుతుంది. ఇరుకు వీధుల్లో చెట్లు తక్కువ, ఉన్నవీ చిన్న జాతులే. నిద్రగన్నేరులాంటి మహావృక్షాలకి చోటు దొరికేది విశాలమైన రోడ్ల మీద. వెడల్పు చేద్దామని గొడ్డలి వెళ్లేదీ ఆ రోడ్లకే. అంటే ఊరికి ఎక్కువ మేలు చేసే చెట్లనే ఏరి ఏరి కొడుతున్నాం. బదులుగా పది మొక్కలు నాటాంగా అంటారు. నాటండి, సంతోషం. కానీ పెద్ద నిద్రగన్నేరు కప్పినంత రోడ్డుని మోకాలెత్తు మొక్కలు పదీ కలిసినా కప్పలేవు. అవి ఎదిగేసరికి ఈ పిల్లలు పెద్దవాళ్లయిపోతారు.

మన హైదరాబాదులోనూ ఆవిడ, సుకన్య బసు గారితో కలిసి, రోడ్డు పక్క చిరువ్యాపారుల్ని పరిశోధించారు. 2020లో వచ్చిందది. ఏసీ గదిలో ఉన్నవాడికి చెట్టు అందం కావచ్చు. బండిమీద బత్తాయిలు అమ్మే అమ్మకి అదే దుకాణం కప్పు. కొమ్మకి పరదా కడుతుంది, మొద్దుకి సంచీ తగిలిస్తుంది. బేరం లేనప్పుడు దానికే ఆనుకుని కునుకు తీస్తుంది. చెట్టు పోతే పళ్లూ వాడతాయి, మనిషీ వాడుతుంది, కొనేవాళ్లూ ఆగరు. చెట్టు కొట్టే కాగితం మీద ఈ నష్టం ఏ గడిలో రాస్తారు? నాకు తెలిసి అలాంటి గడే లేదు, ఉండి తీరాలి.

కాబట్టి పిల్లలూ, మీకో పని. రేపు బడినుంచి వచ్చేటప్పుడు మీ వీధిలో అన్నిటికన్నా పెద్ద చెట్టు ఏదో చూసుకోండి. దాని కింద ఎవరెవరు కూర్చుంటున్నారో, ఎవరి బండి ఆగుతోందో, ఏ పిట్టలు వాలుతున్నాయో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. కొట్టడానికి ఎవరైనా వస్తే, ముందు ఆ పుస్తకం తీసి చూపించండి.