పది టీమ్‌లైతే ఎవరికి లాభం?

ఐపీఎల్ మొదలైతే హోంవర్క్‌కూ టీవీకీ మీ ఇంట్లో కూడా పోటీ తప్పదు కదా! "టీమ్‌లు పెంచడం మంచిదేనా?" అని మీ పిల్లలు అడిగితే, లెక్క వేసి చూపించండి.

2021లో 8 టీమ్‌లు. ప్రతి టీమ్ మిగతా ఏడింటితో రెండేసిసార్లు ఆడేది. లీగ్ మ్యాచ్‌లు 56, ప్లేఆఫ్స్ 4, మొత్తం 60. 2022లో గుజరాత్, లక్నో వచ్చాయి. పాత పద్ధతే కొనసాగిస్తే లీగ్ మ్యాచ్‌లే 90 అవుతాయి. అందుకని ఒక్కో టీమ్‌కు ఎప్పటిలా 14 మ్యాచ్‌లే ఉంచారు: ఐదు టీమ్‌లతో రెండేసిసార్లు, నాలుగింటితో ఒక్కోసారి. మొత్తం 74.

అభిమానుల కోపం ఇక్కడే. బలమైన టీమ్‌తో ఒకరు రెండుసార్లు, ఇంకొకరు ఒకేసారి ఆడితే పాయింట్ల పట్టిక అందరికీ సమానమెలా అవుతుంది? నాకైతే ఇది న్యాయమైన ఫిర్యాదే అనిపిస్తుంది. పైగా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ నుంచి నాగోల్ మీదుగా ఉప్పల్ స్టేడియానికి వెళ్లే మనకు ఒక్క మ్యాచ్ కూడా పెరగలేదు. సన్‌రైజర్స్‌కు సొంతగడ్డపై లీగ్ మ్యాచ్‌లు ఆ ఏడే.

"కొత్త టీమ్‌లతో ఆట పలచబడుతుంది" అన్న మాట మాత్రం నిలవలేదు. గుజరాత్ తొలి ఏడాదే కప్పు గెలిచింది! తుది పదకొండు మందిలో విదేశీయులు నలుగురికి మించకూడదు కాబట్టి, రెండు టీమ్‌లలో కలిపి కనీసం 14 మంది మన ఆటగాళ్లకు కొత్తగా చోటు దొరికింది. (2011లోనూ 10 టీమ్‌లు చేశారు. కొచ్చి ఒక్క సీజన్‌తోనే కనుమరుగైంది.)

పది టీమ్‌లూ ఒక్కోసారే తలపడితే? 45 మ్యాచ్‌లు, అందరికీ సమానం. కానీ ఉప్పల్‌లో నాలుగో, ఐదో మిగులుతాయి. అది మీ పిల్లలకు సమ్మతమేనా, అడిగి చూడండి.