నీటి రంగే చేపల జాడ

విశాఖపట్నం: వేటకు వెళ్లిన మరపడవకు చేప దొరకకపోయినా డీజిలు ఖర్చు తప్పదు. వెతుకులాటలో గడిచిన ప్రతి గంటా గంగపుత్రులకు నష్టమే. ఆ వెతుకులాట తగ్గించేందుకు ఇప్పుడు ఆకాశం నుంచే సముద్రపు రంగును చదువుతున్నారు.

సెల్‌ఫోనులో తీసిన ఫొటో లక్షలాది చుక్కల కూర్పు. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు తెలిపే మూడు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. మన కంటికి రంగుగా కనిపించేది యంత్రానికి లెక్క. ఉపగ్రహం పంపే చిత్రమూ ఇలాంటి చుక్కల లెక్కే. సముద్రపు రంగును కొలిచే కెమెరాలతో 2009లో ఓషన్‌శాట్-2ను, 2022లో ఓషన్‌శాట్-3ను ప్రయోగించారు.

కంటికి ఆనని పచ్చని నాచు పెరిగినచోట నీరు నీలం నుంచి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ మేత ఉన్నచోటికి చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి చేరతాయి. హైదరాబాదులోని ‘ఇన్‌కాయిస్’ సంస్థ ఈ రంగు లెక్కకు నీటి వేడిని జోడించి, చేపలు ఉండగల చోటును గుర్తిస్తుంది. తీరం నుంచి ఎంత దూరం, ఏ దిక్కు, ఎంత లోతు అన్నది తెలుగులోనూ తెలుపుతుంది.

మబ్బు కమ్మితే ఉపగ్రహానికి నీరు కనబడదు. తీరం దగ్గర ఏటి బురద కలిస్తే రంగు లెక్క తప్పవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో ఎలాగూ మరపడవల వేట నిషేధమే.

ఇది సూచనే గాని హామీ కాదు. ప్రవాహాలతో చేపల చోటు జరుగుతుంది. కనుక ఏ రోజు సమాచారమో చూసుకుని, పెద్దల అనుభవాన్నీ జోడించి బయలుదేరడం మేలు.